నీళ్లంటే నాకు భయం లేదు

మే 4, సోమవారం

డైరెక్టరు గారు పొద్దున్నే పిలిచి కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించారంటే మన మెడకు ఏదో తగిలించబోతున్నారని మా రేడియో స్టేషన్లో అందరికీ తెలుసు.

"మన ఈతకొలనుకి ఈ నెల యాభై ఏళ్లు నిండుతున్నాయమ్మా. నీటి భద్రతా వారం కూడా అప్పుడే పెట్టేద్దాం. చరిత్రకి చరిత్ర, జాగ్రత్తకి జాగ్రత్త. అక్కణ్నుంచే ప్రత్యక్ష ప్రసారం. నువ్వే చెయ్యాలి."

"దానికేముందండీ, చేస్తాను" అన్నాను. రోజూ పొద్దున 'ఈ రోజు' కార్యక్రమం చేసేది నేనే. ఆ రోజు ఏ దినోత్సవమో, చరిత్రలో ఏం జరిగిందో చెప్పి, చివర్లో కుటుంబాలకి ఒక జాగ్రత్త చెప్తాను. వేసవి వచ్చిందంటే జాగ్రత్తలకి కొదవే ఉండదు.

"గట్టు మీద నిలబడి మాట్లాడితే ఏం బాగుంటుంది? నీళ్లలో దిగి మాట్లాడు. మోకాళ్ల దాకా చాలు. ఆ చప్పుడు మైకులో పడితే వినేవాళ్లకి చల్లగా ఉంటుంది."

నేను టీ తాగలేదు. టీ బాగాలేదు, అందుకే.

ఒక సంగతి ఇక్కడ రాసిపెట్టుకోవాలి. నీళ్లంటే నాకు భయం లేదు. ఒళ్లు తడవడం ఇష్టముండదు, అంతే. భయం వేరు, ఇష్టం లేకపోవడం వేరు.

మే 6

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ల వాడకంలోకి వచ్చిన రోజు. జాగ్రత్తల్లో, పసిపిల్లలున్న ఇళ్లలో బకెట్లలో నీళ్లు నిలవ ఉంచొద్దని చెప్పాను. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి స్నానాల గదిలో బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. కొళాయి మధ్యాహ్నమే ఆగిపోయింది. ఇంట్లో చుక్క నీరు లేదు.

అత్తయ్య వచ్చారన్నమాట.

బావగారింట్లో మరమ్మతులట. వేసవంతా మా దగ్గరే ఉంటారు.

"రేడియోలో నువ్వే చెప్పావు కదమ్మా బోర్లించమని."

"మనింట్లో పసిపిల్లలు లేరు కదా అత్తయ్యా. పదేళ్ల పిల్లుంది."

"అయితే రేడియోలో చెప్పేది మనకి కాదా?"

మా అమ్మాయి పడీపడీ నవ్వింది. దానికి టపాకాయ అని పేరు పెట్టింది కూడా అత్తయ్యే. ఆ పేరుకి అది ఏనాడూ మచ్చ తేలేదు.

మే 7

వైర్లు నేల మీద పరవకండి, కాలికి తగిలి పడతారు అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మా ఆయన ఫ్యాన్లు, కూలర్లు బాగుచేస్తారు. వేసవిలో దుకాణం సరిపోక సగం పని ఇంటికొస్తుంది. రాత్రి వచ్చి చూస్తే వైర్లన్నీ చుట్టలు చుట్టి అటక మీద పెట్టేసి ఉన్నాయి.

"రేపేం చెప్పబోతున్నావో ఇవాళే చెప్పు. సర్దుకుంటాను" అన్నారు నాతో.

మే 9, శనివారం

భోజనాల దగ్గర కొలను ప్రసారం మాట వచ్చింది. మొదటి రోజు సంగతులు చెప్పేవాళ్లు ఎవరూ దొరకడం లేదని నేనంటుంటే, అత్తయ్య తలెత్తకుండా అన్నారు, "ఆ కొలనులో మొదట దూకింది నేనే."

అందరం తినడం ఆపేశాం.

పెళ్లికి ముందు అత్తయ్య ఈ ఊళ్లోనే పెరిగారు. వాళ్ల నాన్నగారు ఆ కొలను అడుగున పలకలు పరిచిన మేస్త్రీ. ఇంతవరకు నాకు తెలుసు. దూకడం సంగతి మాత్రం ఆవిడ కొడుక్కే తెలియదు.

"నీకు ఈత వచ్చామ్మా?"

"రాకేం. పెళ్లయ్యేదాకా రోజూ ఈదేదాన్ని."

"ఎప్పుడూ చెప్పలేదేంటి?"

"మీ నాన్న అడగలేదు. నువ్వూ అడగలేదు. మిమ్మల్ని పెంచి పెద్ద చేసేసరికి నాకూ గుర్తులేకుండా పోయింది."

టపాకాయ కుర్చీ మీదకెక్కి నిలబడింది. "నాన్నమ్మా, నాకు నేర్పు. రేపే నేర్పు."

"అలాగే. మీ అమ్మ కూడా వస్తుంది."

"నాకు ఆఫీసుందండీ" అన్నాను.

"ఆడవాళ్లకీ పిల్లలకీ పొద్దున్నేనట క్లాసు. ఆఫీసు వేళకి వచ్చేయొచ్చు."

"నాకు జలుబు చేసేలా ఉందత్తయ్యా."

"ఎండాకాలంలోనా?"

ఆవిడ నా వైపు ఒకసారి చూసి మజ్జిగ పోసుకున్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

మే 11

వెళ్లాం. కోచ్ మెడలో ఈలతోనే పుట్టినట్టున్నాడు. మాట్లాడాల్సిన చోటల్లా ఈలే వేస్తాడు. టపాకాయకి ఒక తేలే పలక ఇచ్చి కాళ్లాడించమన్నాడు. నన్ను చూసి ఈల వేశాడు, దిగమని.

"నేను ప్రసారం కోసం పరిశీలించడానికి వచ్చానండీ" అన్నాను.

పై మెట్టు మీద కూర్చుని పాదాలు తడుపుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఇక్కడికి చాలు. వార్తలు చదివేవాళ్లంతా యుద్ధానికి వెళ్లి వస్తున్నారా ఏమిటి?

అత్తయ్య సంగతి రాయాలి. ఇంట్లో మంచం దిగాలంటే రెండు మోకాళ్లూ పట్టుకుని, దేవుణ్ని తలుచుకుని, మమ్మల్ని తిట్టుకుని లేచే మనిషి. నీళ్లలో దిగారో లేదో, మరో మనిషైపోయారు. చప్పుడు లేదు, చిందులు లేవు. ఈ చివర మునిగి ఆ చివర తేలారు. కోచ్ ఈల వేయడం మర్చిపోయాడు.

బయటికొచ్చాక మళ్లీ మోకాళ్లు పట్టుకున్నారు. "ఏం చూస్తావు, తువ్వాలియ్యి" అన్నారు నాతో.

మే 13

చెవి నొప్పి. వెళ్లలేదు.

మే 14

నొప్పి తగ్గలేదు. ఏ చెవి అని అత్తయ్య అడిగారు. ఎడమది అన్నాను. నిన్న కుడిది అన్నానట. నొప్పి తిరుగుతూ ఉండదా?

మే 15

కుటుంబాల దినోత్సవం. నీటి భద్రత గురించి కోచ్ దగ్గర కూర్చుని రాసుకున్నదే చదివాను. నీళ్లలో ప్రమాదంలో పడ్డవాళ్లు సినిమాల్లోలాగ కేకలు పెట్టరు, చేతులు ఊపరు. ఊపిరికే సరిపోదు, ఇక అరుపెక్కడిది. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చిపోతూ, కనపడని నిచ్చెన ఎక్కుతున్నట్టు నిలువుగా ఉంటారు. చూసేవాళ్లకి ఆటలా ఉంటుంది. పిలిచి చూడండి, పలక్కపోతే ఆలస్యం చేయొద్దు. ఈత రానివాళ్లు దూకకండి. కర్రో తాడో తువ్వాలో అందించండి.

మా ఆయన దుకాణంలో విన్నారట. "బాగా చదివావు" అన్నారు. అత్తయ్య కూడా వేళాకోళం చేయలేదు. "ఇది నిజమే చెప్పావు" అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

మే 16, శనివారం

ఇవాళ ఏమీ రాయను.

మే 17

రాయాలి. రాయకపోతే కళ్లముందు అదే తిరుగుతోంది.

నిన్న సెలవు కావడంతో కొలను కిటకిటలాడిపోయింది. కోచ్ అవతలి చివర కొత్తవాళ్లకి నేర్పుతున్నాడు. అత్తయ్య బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు. గట్టు మీద తల్లులందరూ కబుర్లలో ఉన్నారు. నేను నా పై మెట్టు మీద, నా కాగితంతో. ప్రసారంలో మొదటి వాక్యం ఎలా ఉండాలా అని ఆలోచిస్తున్నాను. 'స్వచ్ఛమైన జలాల చెంత' అని రాసి, బాగుందా లేదా అని చూసుకుంటున్నాను. పిల్లని చూడటం లేదు. కాగితం చూస్తున్నాను.

ఎందుకు తలెత్తానో తెలియదు. టపాకాయ మెట్లకి దగ్గర్లోనే ఉంది. దాని పలక మాత్రం ఎక్కడికో తేలిపోయింది. అది నిలువుగా ఉంది. జుట్టంతా మొహం మీద పడి ఉంది.

నాకు తట్టింది ఆ జుట్టే. మా పిల్లకి ఒక్క వెంట్రుక మొహం మీద పడితే సహించదు. రోజంతా తోసుకుంటూనే ఉంటుంది. అక్కడ తోసుకోవడం లేదు.

"ఏయ్ టపాకాయ్" అని పిలిచాను. అడక్కుండానే జవాబులు చెప్పే పిల్ల. పలకలేదు. పక్కనే ఇద్దరు ఆడపిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. వాళ్లకి తెలియలేదు.

అప్పుడు అరిచాను. మైకు ముందు గొంతు పెంచకూడదని ఇన్నేళ్లుగా అదిమిపెట్టిన గొంతు. కొలను మొత్తం ఇటు తిరిగింది. కోచ్ తిరిగాడు. కానీ అతను దూరం, నేను దగ్గర. గోడకి ఆకులు తీసే వల ఆనించి ఉంది, పొడుగాటి కర్రది. అది ఎప్పుడు తీశానో, మెట్ల పక్కనున్న కమ్మీ ఎప్పుడు పట్టుకున్నానో గుర్తులేదు. మెట్లు దిగాను. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కర్ర. వల దానికి అందించాను, పట్టుకోలేకపోయింది. ఇంకో మెట్టు దిగి, వలని దాని వీపు వెనక్కి వేసి, నా వైపు లాగాను. బరువుగా వచ్చింది. చేతికి చిక్కాక జుట్టు వెనక్కి తోశాను. ముందు చేసిన పని అదే.

ఆలోపు కోచ్ వచ్చి ఎత్తి గట్టు మీద పడుకోబెట్టాడు. దగ్గింది. నీళ్లు కక్కింది. ఏడ్చింది. అది ఏడుస్తుంటే అంత హాయిగా నాకెప్పుడూ అనిపించలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఊపిరితిత్తులు విని, సాయంత్రం దాకా కళ్లముందే ఉంచుకుని పంపింది. దగ్గు ఎక్కువైనా, ఆయాసం వచ్చినా, మరీ మగతగా ఉన్నా వెంటనే తీసుకురమ్మంది.

ఇంటికొచ్చాక టపాకాయ అడిగింది. "అమ్మా, నన్ను వలేసి పట్టావా?"

"అవును."

"చేపలాగా?"

"చేపైతే మునగదు కదా."

అది నవ్వింది. నేను స్నానాల గదిలోకి వెళ్లి కొళాయి పూర్తిగా తిప్పి చాలాసేపు ఉన్నాను. ఉతకాల్సిన బట్టలున్నాయి.

నా చేతిసంచీ భుజాన ఉండగానే నీళ్లలో దిగానట. అందులో ఫోను. మా ఆయన దాన్ని విప్పి, ముక్కలన్నీ బల్ల మీద పరిచి, ఫ్యాను పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. ఆ ఫోను ఇక పనిచేయదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా పొద్దుపోయేదాకా అక్కడే కూర్చున్నారు.

మే 18

మ్యూజియం దినోత్సవం. ఏదో చెప్పాను.

నాకు నీళ్లంటే భయం. రాశాను. ఇక కొట్టేయను. చిన్నప్పుడేదో జరిగిందంటే అదీ లేదు. బావిలో పడలేదు, వరదలో చిక్కలేదు. కారణమంటూ ఒకటుంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. ఊరికే భయం.

మే 20, బుధవారం

తేనెటీగల దినోత్సవం. కోచ్ కొత్త నియమం పెట్టాడు. ఈత పూర్తిగా రాని పిల్లలకి చేయి చాచితే అందేంత దూరంలో ఇంటివాళ్లెవరో ఒకరు నీళ్లలోనే ఉండాలి. చేతిలో కాగితాలు, ఫోన్లు ఉండకూడదు. కాగితాలు అన్నప్పుడు నా వైపు చూడలేదు. మంచివాడు.

డాక్టరమ్మ ఇక ఫరవాలేదంది. టపాకాయే రానంటోంది.

"నాకు చలి."

"ఎండాకాలంలోనా?" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

"నీళ్లంటే నాకు భయమేం లేదమ్మా. ఇష్టం లేదంతే."

నేను బీరువా కింద ఏదో వెతుక్కునే మిషతో వంగిపోయాను. లేచేసరికి గుమ్మంలో అత్తయ్య ఉన్నారు.

"దొరికిందా?" అన్నారు.

"ఏమిటత్తయ్యా?"

"నువ్వు వెతుకుతున్నది."

లేదన్నాను. ఆవిడ నా తల మీద చేయి వేసి, దుమ్ము దులిపినట్టు దులిపి వెళ్లిపోయారు.

మే 23, శనివారం

ప్రసారం అయిపోయింది. రేడియోలో వినిపించినదంతా ఊరందరికీ తెలుసు. నాకు కనిపించింది రాసుకుంటాను.

మోకాళ్ల దాకా దిగి నిలబడ్డాను. కాళ్లు వణికాయి. మైకులు చూసుకునే మా మీటలాయన గట్టు మీద నుంచి బొటనవేలు చూపించాడు. నీళ్ల చప్పుడు బాగా వస్తోందట. అది నా వణుకని అతనికి తెలియదు. 'స్వచ్ఛమైన జలాలు' తీసేశాను. "మీ పిల్లలు నీళ్లలో ఉంటే ఇప్పుడే ఒకసారి తలెత్తి చూడండి. చూశాక మిగతాది వినండి" అని మొదలుపెట్టాను. గట్టు మీద అన్ని తలలూ లేచాయి.

తర్వాత అత్తయ్య వంతు. "యాభై ఏళ్ల క్రితం ఇందులో మొదట దూకింది మీరేనట" అన్నాను.

"నేనే" అన్నారు దర్జాగా.

"దూకావా?" అని జనంలోంచి ఒక గొంతు. ఒకావిడ చేతికర్ర తాటించుకుంటూ ముందుకొచ్చింది. ఆ రోజుల్లో కొలను గేటు దగ్గర టిక్కెట్లు చించిన మనిషట. "ఎక్కడ దూకావే? మీ నాన్న పరిచిన పలకలు చూపిస్తానని వంగి, జారి దభీమని పడ్డావు. జడ పట్టి లాగింది నేను."

మీటలాయన నా వైపు చూశాడు, ఆపెయ్యనా అన్నట్టు. వద్దన్నాను.

"పడటం కూడా దూకడమేనే. ముందు చెప్పలేదంతే" అన్నారు అత్తయ్య.

"చెప్పడానికి నీకు మాత్రం తెలుసా?"

జనం విరగబడి నవ్వారు. డైరెక్టరు గారు కళ్లు తుడుచుకుంటున్నారు. నవ్వు సద్దుమణిగాక, అత్తయ్య మైకు వైపు కాకుండా నీళ్ల వైపు చూస్తూ మాట్లాడారు.

"అప్పటికి నాకు ఈత రాదు. వేదిక మీద పెద్దాయన ఎవరో ఉపన్యాసం ఇస్తున్నారు. చుట్టూ అంతమంది. నేను అరవలేదు. నోరు తెరిస్తే నీళ్లే వెళ్లాయి. అందరూ చూస్తూనే ఉన్నారు, ఆడుతున్నాననుకున్నారు. దీనికొక్కదానికే అనుమానం వచ్చింది."

"ఊరికే ఏదో ఒకటి వాగుతూ ఉండేది కదా" అంది టిక్కెట్లావిడ. "గమ్మున ఉందేమిటా అని చూశాను."

"మర్నాటినుంచి ఇదే నాకు ఈత నేర్పింది" అన్నారు అత్తయ్య.

పెళ్లై వెళ్లిపోయాక వీళ్లిద్దరూ మళ్లీ కలవడం ఇదేనట. ప్రసారం అయ్యాక చూస్తే, మెట్ల మీద పక్కపక్కన కూర్చుని, పాదాలు నీళ్లలో పెట్టుకుని, ఎవరి మోకాలు ఎక్కువ నొప్పో తేల్చుకుంటున్నారు.

మే 25

డైరెక్టరు గారు టీ తెప్పించారు. ఈసారి మెడకేమీ తగిలించలేదు. బాగుంది అనడానికేనట. నమ్మలేక టీ మొత్తం తాగేదాకా కూర్చున్నాను.

మే 27

కోచ్ దగ్గరికి వెళ్లి నేర్చుకుంటానని చెప్పాను. ఈల వేశాడు. అది సరేనని అర్థం.

టపాకాయకి ఏమీ చెప్పలేదు. రమ్మని బతిమాలొద్దని అత్తయ్య నాకు ముందే గట్టిగా చెప్పారు. "చూడ్డానికి వస్తావా అని మాత్రం అడుగు."

మే 29, శుక్రవారం

ఎవరెస్టు శిఖరం మీద మనుషులు మొదటిసారి అడుగుపెట్టిన రోజు. రేడియోలో వాళ్ల గురించి చెప్పాను. నా గురించి ఇక్కడ రాసుకుంటాను.

పొద్దున్నే వెళ్లాం. టపాకాయ చూడ్డానికే వచ్చింది. స్కూలు బూట్లు కూడా వేసుకుని వచ్చింది, పొరపాటున ఎవరైనా దిగమంటారేమోనని. గట్టు మీద కూర్చుంది.

నేను అన్ని మెట్లూ దిగాను. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఎడమచేతికి కమ్మీ, కుడిచేతికి అత్తయ్య. ఊపిరి తీసుకుని తల ముంచి, నోటితో బుడగలు వదలమన్నాడు కోచ్. అంతేనట. పసిపిల్లలు మొదటిరోజు చేసే పని.

ఊపిరి తీసుకున్నాను. ముంచలేదు. మళ్లీ తీసుకున్నాను. గాలి మాత్రం బోలెడు పీల్చాను.

"ముంచలేవమ్మా" అంది టపాకాయ. వెక్కిరింపుగా కాదు, తెలిసినదానిలా.

"ముంచుతాను. కాస్త భయంగా ఉంది, అందుకే ఆలస్యం."

అది గట్టు మీంచి ముందుకు వంగి అడిగింది. "నీకు కూడానా?"

"ఎప్పట్నుంచో."

"మరి ఆ రోజు ఎలా దిగావు?"

"ఆ రోజు నిన్ను చూస్తున్నాను. నీళ్లని చూడలేదు."

అత్తయ్య నా వేళ్లు ఒకసారి నొక్కారు. కళ్లు మూసుకున్నాను. ముంచాను.

చప్పుళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఈల లేదు, కబుర్లు లేవు. నా గుండె మాత్రం ఎవరో తలుపు కొడుతున్నట్టు కొట్టుకుంటోంది. బుడగలు వదిలాను. బుగ్గల మీంచి గిలిగింతలు పెడుతూ పైకి పోయాయి. ఇంతేనా అనిపించి కళ్లు తెరిచాను. మండాయి. అంతా నీలంగా, మసకగా, అలుక్కుపోయినట్టుంది. ఆ మసకలో ఎదురుగా మెట్లు.

నీళ్లలో మునిగిన మొదటి మెట్టు మీద రెండు పాదాలు కనిపించాయి. చిన్నవి. బూట్లు లేవు, మేజోళ్లు లేవు. వేళ్లు ముడుచుకుని మెట్టుని పట్టుకుని ఉన్నాయి. కాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత ఒక పాదం లేచి, నీళ్లలో తడుముకుంటూ, కింది మెట్టు మీదకి దిగింది.

ఊపిరి చాలలేదు గానీ, ఇంకాసేపు అక్కడే ఉండి చూసేదాన్ని.